బస్టాండ్ నుంచి ఆసుపత్రి దాకా ఎడమ పక్క ఫుట్‌పాత్: ఒక ప్రాజెక్టు డైరీ

2023 ఏప్రిల్

మాది గుంటూరు వైపు డెల్టాలో ఒక చిన్న మున్సిపాలిటీ. నేను ఇక్కడ వార్డు సచివాలయంలో ఎమినిటీస్ సెక్రటరీని. కుళాయిలు, వీధి లైట్లు, కాలువలు, రోడ్లు నా కిందకి వస్తాయి. ఈ డైరీలో ఒకే పని గురించి రాస్తాను. బస్టాండ్ నుంచి ప్రభుత్వాసుపత్రి దాకా, మెయిన్ రోడ్డుకు ఎడమ పక్కన, మధ్యలో ఎక్కడా తెగకుండా ఒక ఫుట్‌పాత్ కావాలి. పొడవు 1,150 మీటర్లు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారు ఒప్పుకుని, సర్వే చేసి లెక్కలు పట్టుకురమ్మన్నారు.

ఊళ్ళో ఇన్ని రోడ్లుండగా ఇదే ఎందుకంటే, నడిచేవాళ్ళంతా ఈ రోడ్డు మీదే ఉన్నారు. చుట్టుపక్కల పల్లెల నుంచి బస్సు దిగిన రోగులు ఆటోకి డబ్బులెందుకని ఆసుపత్రికి నడిచే వెళ్తారు. మధ్యలో బాలికల హైస్కూలు, దాని తర్వాత రైతు బజారు. గర్భిణులు, కట్టుకట్టిన కాలుతో వచ్చేవాళ్ళు, బరువు సంచులు మోసేవాళ్ళు అందరూ పార్కు చేసిన బైకులకీ బస్సులకీ మధ్య మిగిలిన సందులోనే నడవాలి. దేశం మొత్తం మీద 2021లో రోడ్డు ప్రమాదాల్లో 1,53,972 మంది చనిపోతే అందులో 29,124 మంది పాదచారులని కేంద్ర రవాణా శాఖ నివేదికలో ఉంది. ఆ రెండు అంకెలనూ నా నోట్ ఫైలు మొదటి పేజీలో రాసుకున్నాను.

టేపు పట్టుకుని కొలిచాం. మాస్టర్ ప్లాన్‌లో ఈ రోడ్డు 60 అడుగులు. నిజంగా షాపు గోడ నుంచి ఎదుటి షాపు గోడకు కొలిస్తే కొన్నిచోట్ల 52, కొన్నిచోట్ల 56. మధ్యలో తారు రోడ్డు 7 మీటర్లు. రెండు పక్కలా మురుగు కాలువ ఉంది. లోపలి వెడల్పు 60 సెంటీమీటర్లు, గోడలు ఒక్కొక్కటి 15, మొత్తం కలిపి 90. కాలువ మీద కొన్నిచోట్ల కడప రాళ్ళు, కొన్నిచోట్ల సిమెంటు పలకలు, కొన్నిచోట్ల ఏమీ లేవు. ప్రతి షాపు ముందూ వాళ్ళు కట్టుకున్న మెట్లు, ర్యాంపు. ఒకటి అరడుగు ఎత్తులో ఉంటే పక్కది రెండడుగులు.

అడ్డంకులన్నీ ఛైనేజీ ప్రకారం, అంటే మొదలు నుంచి ఎన్ని మీటర్ల దూరమో ఆ లెక్కన రాసుకున్నాను. బస్టాండ్ గేటు దగ్గర సున్నా, ఆసుపత్రి గేటు దగ్గర 1,150. 140 దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె. 310 దగ్గర పెద్ద వేపచెట్టు. 505 దగ్గర ఎవరూ వాడని పాత టెలిఫోన్ పెట్టె. కరెంటు స్తంభాలు చాలావరకు కాలువ అంచునే ఉన్నాయి, కొన్ని మాత్రం సరిగ్గా మనిషి నడవాల్సిన చోట నిలబడి ఉన్నాయి.

2023 మే

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్‌కు పాదచారుల సదుపాయాల గురించి ప్రత్యేకంగా ఒక మార్గదర్శకం ఉంది, ఐఆర్‌సీ 103. అడ్డంకులేమీ లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలంటుంది. అంటే రెండు వీల్‌చైర్లు ఎదురెదురుగా వచ్చినా ఆగక్కర్లేదు. దుకాణాలున్న చోట 2.5 మీటర్లు ఉండాలి. తల మీద 2.2 మీటర్ల ఖాళీ, కెర్బ్ (ఫుట్‌పాత్ అంచు రాయి) ఎత్తు 15 సెంటీమీటర్లకు మించకూడదు, ర్యాంపు వాలు 12కి 1. ఈ అంకెలు చేతిలో ఉంటే సగం వాదనలు అక్కడికక్కడే తేలిపోతాయి.

మా దగ్గర 1.8 మీటర్లు ఎక్కడి నుంచి వస్తుందన్నదే అసలు లెక్క. కాలువ 0.9 మీటర్లు. దాని మీద సమంగా పలకలు పరిచి, దాని పక్కన రోడ్డు వైపు 0.9 మీటర్లు పేవర్ బ్లాకులు వేస్తే సరిగ్గా 1.8. ఎవరి స్థలమూ తీసుకోనక్కర్లేదు, ఏ షాపు గోడా కొట్టక్కర్లేదు. కాలువ మీది మెట్లు మాత్రం తీయాల్సిందే. అవి మున్సిపాలిటీ స్థలంలోనే ఉన్నాయి. ఆసుపత్రి దగ్గర ఖాళీ ఉంది కాబట్టి చివరి 90 మీటర్లు 2.5 పెట్టాను.

చిన్న ఊళ్ళలో ఫుట్‌పాత్‌కి విడిగా స్థలం దొరకడం కష్టం. ఊరికి కాలువ ఎటూ ఉండాలి, దాన్ని మూయాలి, ఆ మూత మీదే మనిషి నడవాలి. అందుకే ఈ పనిలో డిజైనంతా కాలువ నుంచి మొదలైంది. పలక బరువు ఎంత, పూడిక తీసేవాళ్ళు దాన్ని ఎలా లేపుతారు, వాన నీరు ఎక్కడి నుంచి దిగాలి, ఇవి తేలకుండా పైన ఏ రంగు టైలు వేయాలో మాట్లాడుకుని లాభం లేదు.

పలక 90 సెంటీమీటర్లు, 45 సెంటీమీటర్లు, మందం 10 అనుకున్నాం. అంటే 0.0405 ఘనపు మీటర్లు, బరువు దాదాపు 100 కిలోలు. పారిశుధ్య కార్మికులను అడిగితే, నలుగురు మనుషులు రెండు గడ్డపారలతో లేపగలరన్నారు. ఇంతకంటే పెద్దదైతే జేసీబీ పిలవాలి. జేసీబీ వచ్చిందంటే పక్కనున్న పేవర్లు పగులుతాయి. అందుకని ప్రతి 6 మీటర్లకూ ఒక పలకకు లోపలికి మడిచిపెట్టే ఇనుప పిడులు పెట్టాం. ఈ సలహా పూడిక తీసే మేస్త్రి ఇచ్చాడు. "మేడమ్, అన్నీ లేపక్కర్లేదు, ఆరు మీటర్లకు ఒకటి లేపితే పార రెండు వైపులా అందుతుంది" అని కింద గీత గీసి చూపించాడు. డ్రాయింగులో అలాగే పెట్టాను.

స్కూలు వదిలే వేళ గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళను లెక్కపెట్టాం. నడిచేవాళ్ళకు ఒక కాగితం, సైకిళ్ళకు ఒకటి, బైకులకు ఒకటి, కార్లకు ఒకటి. ఐదుకో అడ్డగీత. కార్ల కాగితం ఖాళీగా మిగిలింది, నడిచేవాళ్ళ కాగితం రెండో వైపుకు తిప్పాల్సి వచ్చింది. ఆ కాగితాల ఫోటోలు కౌన్సిల్ నోట్‌కు జతచేశాను.

2023 జూన్

ఎస్టిమేట్ తయారైంది. ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వ ప్రామాణిక ధరల పట్టిక) రేట్ల ప్రకారం పని విలువ 44.5 లక్షలు. ఇందులో ఎం25 కాంక్రీటు పలకలు, కూలిపోయిన చోట్ల కాలువ గోడలు, పేవర్ల కింద గ్రావెల్, రాతి పొడి, 60 మిల్లీమీటర్ల పేవర్ బ్లాకులు, కెర్బ్ రాళ్ళు, ర్యాంపులు ఉన్నాయి. మాది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. మట్టి మీద ఇసుక పోసి టైల్స్ పరిస్తే రెండో ఏడాదికే అలలు తిరుగుతాయి. అందుకని కింద 20 సెంటీమీటర్లు రేగడి తీసేసి గ్రావెల్ పోసి రోలింగ్ చేయాలని పెట్టాం. ఖర్చు పెరిగింది. తగ్గించమని ఒత్తిడి కూడా వచ్చింది. ఏఈ గారు గట్టిగా నిలబడ్డారు. ఆ ఒక్క ఐటెం తీసేస్తే మిగతా పనంతా బూడిదలో పోసినట్టేనని నాకూ గట్టి నమ్మకం.

పని విలువ తేలాక దాని తోక మొదలవుతుంది. జీఎస్టీ 18 శాతం, అంటే 8 లక్షల పైన. కార్మిక సంక్షేమ సెస్సు 1 శాతం. న్యాక్ (నిర్మాణ రంగ శిక్షణ సంస్థ) వాటా 0.1 శాతం. అన్నీ కలిపితే 53 లక్షలు, అంటే మీటరుకు దాదాపు 4,600 రూపాయలు. స్తంభాలు జరపడానికి విద్యుత్ శాఖ వాళ్ళు వేసే అంచనా మొత్తం ముందే మున్సిపాలిటీ డిపాజిట్ కట్టాలి. సీనరేజీ (గ్రావెల్, రాయి లాంటి వాటి మీద ప్రభుత్వానికి కట్టే రుసుము), చిల్లర ఖర్చులు కలుపుకుని మరో 5 లక్షలు పక్కన పెట్టాం. మొత్తం 58 లక్షలు.

2023 జూలై

ఈ నెలంతా డబ్బు గురించే తిరిగాను. కొత్తగా ఈ పని చేయాలనుకునే ఊళ్ళకు పనికొస్తుందని కొంచెం వివరంగా రాస్తున్నాను.

పట్టణాల కోసం కేంద్రం పెట్టిన అమృత్ పథకం నిధులు అడగొచ్చు కదా అని చాలామంది అన్నారు. 2015లో వచ్చిన మొదటి అమృత్‌లో పాదచారుల సదుపాయాలకు చోటుంది గానీ అది లక్ష జనాభా పైబడిన ఊళ్ళ కోసం. 2021లో మొదలైన అమృత్ 2.0 ప్రధానంగా తాగునీరు, మురుగునీటి వ్యవస్థ, చెరువుల కోసం. ఫుట్‌పాత్‌కి అక్కడ దారి లేదు.

15వ ఆర్థిక సంఘం నిధులున్నాయి. మా లాంటి పట్టణాలకు వచ్చేదాంట్లో 60 శాతం టైడ్, అంటే తాగునీరు, పారిశుధ్యం కోసమే వాడాలి. మిగిలిన 40 శాతం అన్‌టైడ్. జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ తప్ప ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. ఫుట్‌పాత్ ఎక్కాల్సింది ఈ 40 శాతంలోనే. అయితే దాని కోసం సీసీ రోడ్లు, కల్వర్టులు, శ్మశానం ప్రహరీ, అన్నీ క్యూలో ఉన్నాయి. అందులో 24 లక్షలు ఇవ్వడానికి కమిషనర్ గారు ఒప్పుకున్నారు.

రెండోది జనరల్ ఫండ్. ఇంటిపన్ను, ఖాళీ స్థల పన్ను, ప్లాను ఫీజులు, ట్రేడ్ లైసెన్సులు ఇందులోకి వస్తాయి. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాది పన్ను మొత్తం కడితే 5 శాతం రాయితీ ఉంటుంది కాబట్టి ఆ నెలలో కాస్త డబ్బు కనిపిస్తుంది. జూలైకి జీతాలు, కరెంటు బిల్లులు పోగా మిగిలేది తక్కువ. అక్కడి నుంచి 14 లక్షలు. అందులోంచే స్తంభాల డిపాజిట్ కూడా కట్టాలి.

మూడోది ఎంపీ నిధులు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. ఆయన సిఫారసు చేస్తే జిల్లా కలెక్టర్ మంజూరు చేస్తారు. ఛైర్‌పర్సన్ గారి ద్వారా 20 లక్షలకు ఉత్తరం పెట్టాం.

మూడు చోట్ల డబ్బులంటే మూడు ఎస్టిమేట్లు, మూడు ఫైళ్ళు, మూడు ఎం-బుక్‌లు (పని కొలతలు రాసే పుస్తకాలు). టెండరు తప్పించుకోవడానికి పనిని ముక్కలు చేశారని రేపు ఆడిట్ అభ్యంతరం రాకుండా, ఏ ముక్క ఏ నిధి కిందదో ఛైనేజీతో సహా తీర్మానంలోనే రాయించాం. సున్నా నుంచి 520 దాకా ఆర్థిక సంఘం. 520 నుంచి 950 దాకా ఎంపీ నిధులు. 950 నుంచి 1,150 దాకా జనరల్ ఫండ్. మూడింటికీ లెవెల్ డ్రాయింగ్ మాత్రం ఒక్కటే. ఎవరు ఎప్పుడు వేసినా పలక ఎత్తు కలవాలి. ఈ ఒక్క కాగితం మూడు ఫైళ్ళలోనూ ఉండాలని డీఈ (డిప్యూటీ ఇంజనీరు) గారితో సంతకం చేయించాను.

2023 ఆగస్టు

కౌన్సిల్ మీటింగ్. అనుకున్నట్టే వచ్చింది ప్రశ్న. "ఒక్క రోడ్డుకు 58 లక్షలా? మా వార్డుల సంగతేంటి?" అని. మా ఊళ్ళో 28 వార్డులు. సమానంగా పంచుదామని ఒకరు ప్రతిపాదించారు. నలుగురైదుగురు బల్లలు చరిచారు.

వాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. ప్రతి కౌన్సిలర్‌నీ వాళ్ళ వీధివాళ్ళు రోజూ నిలదీస్తారు. కానీ 1,150 మీటర్లను 28తో భాగిస్తే వార్డుకు 41 మీటర్లు. నాలుగు షాపుల ముందు మొదలై, ఐదో షాపు దగ్గర మళ్ళీ రోడ్డు మీదకు దించేసే ఫుట్‌పాత్ ఎవరికీ అక్కరకు రాదు. మనుషులు ఒకసారి దిగాక మళ్ళీ ఎక్కరు. కొన్నాళ్ళకు అది షాపువాళ్ళ సరుకుకి అరుగవుతుంది. నోట్‌లో ఈ భాగహారం రాసి పెట్టాను. ఏఈ గారు అదే చదివారు.

మీటింగును మలుపు తిప్పింది మాత్రం ఒక మహిళా కౌన్సిలర్. ఆవిడ వార్డు ఊరి ఇంకో చివర ఉంది, ఈ రోడ్డుతో సంబంధమే లేదు. "మా వార్డు ఆడపిల్లలు చదివేది ఈ స్కూల్లోనే గదండీ. మా వార్డులో కాన్పులొస్తే పోయేది ఈ ఆసుపత్రికే గదా. ఇది ఏ వార్డు రోడ్డని అడుగుతారు?" అన్నారు. తీర్మానం ఆమోదం పొందింది. రెండో దశలో కుడి పక్క, మూడో దశలో కూరగాయల మార్కెట్ వీధి అని అందులోనే రాశారు. అది కూడా మంచిదే. వరస కాగితం మీద ఉంటే మా వంతు ఎప్పుడని అడగడానికి ప్రతి వార్డుకూ ఆధారం ఉంటుంది.

2023 అక్టోబరు

మెయిన్ రోడ్డు ఆర్ అండ్ బీది, అంటే రోడ్లు భవనాల శాఖది. కాలువ మాది, రోడ్డు వాళ్ళది, మధ్యలోని మట్టి ఎవరిదో ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కోసం అర్జీ పెట్టాం. వాళ్ళు అడిగింది న్యాయమైనదే. మళ్ళీ తారు వేసినప్పుడు రోడ్డు ఎత్తు పెరిగితే ఫుట్‌పాత్ మునిగిపోకూడదు, రోడ్డు నీరు కాలువలోకి దిగే దారులు మూసుకుపోకూడదు. కెర్బ్‌కు ప్రతి 5 మీటర్లకూ నీటి రంధ్రం చూపించాం. ఈసారి తారు వేసేముందు పాత పొర గీకించమని మేమూ వాళ్ళను ఉత్తరంలో కోరాం.

ఇదే నెలలో టౌన్ వెండింగ్ కమిటీ, అంటే వీధి వ్యాపారుల సంగతులు చూసే కమిటీ సమావేశం. దీని గురించి కొంచెం ఎక్కువ రాయాలి.

ఎడమ పక్కన తోపుడు బళ్ళు, నేల మీద కూర్చునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆసుపత్రి ముందు కొబ్బరి బోండాలు, పళ్ళు, ఇడ్లీ బండి. గుడి సందు మొదట్లో పూలు. ఫుట్‌పాత్ వేస్తున్నారనే కబురు నాకంటే ముందే వాళ్ళకు చేరింది. పూలమ్మే ఆమె నన్ను చూడగానే, "అమ్మాయ్, టేపు పట్టుకు తిరుగుతున్నావ్, మమ్మల్ని లేపడానికేగా?" అంది.

"లేదు పిన్నీ. నువ్వెక్కడ కూర్చుంటావో రాసుకోవడానికే వచ్చా" అన్నాను.

నమ్మలేదు. నమ్మనక్కర్లేదు కూడా. ఫుట్‌పాత్ పేరుతో లేపేసిన ఊళ్ళ గురించి వాళ్ళకు తెలుసు. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. తర్వాత చోటు మార్చాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. కమిటీ సభ్యుల్లో 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులు, అందులో మూడో వంతు ఆడవాళ్ళు ఉండాలి. మా కమిటీలో పళ్ళ బండి నడిపే ఆవిడ ఉన్నారు. డ్రాయింగు నేల మీద పరిచి చూపించాం.

మా ప్లాను ఇది: నడిచే 1.8 మీటర్లలో ఎవరూ ఉండరు. దాని అవతల, రోడ్డు వైపు, వెడల్పు ఉన్నచోట 1.5 మీటర్ల లోతు గళ్ళు గీసి బళ్ళకు ఇస్తాం. మిగతా గళ్ళు బైకులకు. కమిటీలోని ఆవిడ డ్రాయింగు చూసి, "ఎండ ఎటు నుంచి వస్తుందో చూశారా మేడమ్? మధ్యాహ్నం అటు పక్క కూర్చుంటే పళ్ళు వడిలిపోతాయి" అని వేపచెట్టు నీడ వైపు మూడు గళ్ళు జరిపించారు. నీడను ఎవరూ డ్రాయింగులో వేయరు. ఈసారి వేశాం.

నా అభిప్రాయం ఒకటి ఇక్కడ రాయాలి. బళ్ళన్నీ ఖాళీ చేయించిన ఫుట్‌పాత్ పగలు బైకుల పార్కింగ్ అవుతుంది, రాత్రి ఎవరూ నడవని చోటవుతుంది. ఇడ్లీ బండి లైటు వెలుగుతుంటే ఆసుపత్రి నుంచి రాత్రి పది గంటలకు బస్టాండ్‌కి నడిచే ఆడమనిషికి ధైర్యంగా ఉంటుంది.

2024 ఫిబ్రవరి

మొదటి ముక్కకు టెండరు పిలిస్తే మొదటిసారి ఎవరూ రాలేదు. బిల్లులు ఆలస్యమవుతాయని కాంట్రాక్టర్ల భయం. చిన్న పనికి పెట్టుబడి పెట్టి ఎదురుచూడడం వాళ్ళకూ కష్టమే. రెండోసారి ఇద్దరు వేశారు, ఒకరికి ఖాయమైంది. అగ్రిమెంటు అయింది, వర్క్ ఆర్డరు ఇచ్చారు.

2024 మార్చి నుంచి జూన్

మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది. వర్క్ ఆర్డరు ఇచ్చినా నేల మీద మొదలుకాని పని మొదలుపెట్టకూడదు. మాది మొదలుకాలేదు. మే 13న పోలింగ్, జూన్ 4న లెక్కింపు. ఎంపీ నిధుల ఉత్తరం కూడా మళ్ళీ మొదటికి వచ్చింది, కొత్త ఎంపీ గారికి కొత్త ఉత్తరం రాయాలి.

ఈ ఖాళీలో స్తంభాల డిపాజిట్ ఫైలు సిద్ధం చేశాను. ట్రాన్స్‌ఫార్మర్ జరపడానికి వేసిన అంచనా మా చేతిలో ఉన్న డబ్బుకు మించింది. దాన్ని అక్కడే ఉంచి, ఫుట్‌పాత్‌ను రోడ్డు వైపు వంచి, ఆ చోట బైకుల గళ్ళు తీసేశాం. వెడల్పు 1.8 తగ్గలేదు. వేపచెట్టు దగ్గరా అంతే, చుట్టూ నాలుగడుగుల మట్టి వదిలి పక్క నుంచి తీసుకెళ్ళాం.

2024 జూలై, ఆగస్టు

పని మొదలైంది. సున్నం గీత పడగానే షాపుల వాళ్ళు బయటికొచ్చారు. మెట్లు తీయడం గురించి గొడవలు జరుగుతాయని నాకు టెన్షన్‌గానే ఉంది. ముందు వారం ప్రతి షాపుకూ వెళ్ళి, ఫుట్‌పాత్ ఎత్తు మీ గుమ్మానికి ఎంత తేడాలో ఉంటుందో గోడ మీద సుద్దతో గీత గీసి చూపించాం. చాలామందికి ఒక్క మెట్టు చాలని తేలింది, అది కూడా వాళ్ళ గోడకు లోపలే పెట్టుకోవచ్చు. గీత కంటికి కనిపించాక మాట మారింది. ఇద్దరు మాత్రం ఆఖరి దాకా ఒప్పుకోలేదు. నోటీసు ఇచ్చి, గడువు ముగిశాక టౌన్ ప్లానింగ్ వాళ్ళు తీయించారు.

ఇళ్ళ గేట్ల దగ్గర ఒక సంగతి మీద మేస్త్రితో చాలాసేపు మాట్లాడాల్సి వచ్చింది. కారు లోపలికి వెళ్ళే చోట ఫుట్‌పాత్‌నే రోడ్డు మట్టానికి దించేయడం అలవాటు. అలా చేస్తే నడిచే మనిషి ప్రతి గేటు దగ్గరా దిగి ఎక్కుతుండాలి. వీల్‌చైర్ అయితే పక్కకు ఒరుగుతుంది. మేం తిరగేశాం. ఫుట్‌పాత్ అదే ఎత్తులో సాగిపోతుంది, కారే దాని మీదకు ఎక్కి దిగుతుంది. ర్యాంపు మొత్తం కెర్బ్ అవతలే. గేట్ల దగ్గర పలక మందం 15 సెంటీమీటర్లకు పెంచి, ఇనుము ఎక్కువ వేయించాం.

2024 సెప్టెంబరు

ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానలకు విజయవాడ బుడమేరులో మునిగింది. చుట్టుపక్కల మున్సిపాలిటీల సిబ్బందిని అక్కడికి పంపారు, మా కార్మికులు కూడా వెళ్ళారు. ఇక్కడ పని ఆగింది.

మా కాలువ మాత్రం ఆ వానకు తన సంగతి మొత్తం చెప్పింది. 260 దగ్గర నీరు వెనక్కి తన్నింది. అడుగున ఎప్పటిదో పాత పైపు అడ్డంగా పోతోంది, దానికి చెత్త పట్టి ఆనకట్టయింది. పలకలు వేసేశాక ఇది బయటపడి ఉంటే పైనంతా విప్పాల్సి వచ్చేది. పైపును కిందికి దింపించాం. అప్పటి నుంచి ఎవరు అడిగినా నేను చెప్పేది ఒకటే, కాలువలో ఒక వానాకాలం నీరు పారడం చూశాకే మూత వేయండి.

2025 జనవరి

మొదటి 520 మీటర్లు పూర్తి. పలకలు గోనెసంచులు కప్పి నీళ్ళు కట్టి క్యూరింగ్ చేశారు. నమూనా కాంక్రీటు క్యూబ్‌లు 28 రోజుల బలం పరీక్షలో నెగ్గాయి. థర్డ్ పార్టీ (బయటివాళ్ళు చేసే) తనిఖీలో పేవర్ల కింద గ్రావెల్ మందం రెండుచోట్ల తవ్వి చూశారు, సరిపోయింది.

జనరల్ ఫండ్ ముక్క, అంటే ఆసుపత్రి వైపు 200 మీటర్లు, అప్పటికే మొదలైంది. ఇక్కడ కెర్బ్ ఎత్తు మీద పేచీ వచ్చింది. బైకులు ఎక్కకుండా అడుగున్నర ఎత్తు పెట్టమని చాలామంది అడిగారు, అందులో మా ఆఫీసు వాళ్ళూ ఉన్నారు. ఆసుపత్రి ముందు అడుగున్నర! మోకాళ్ళ నొప్పులతో వచ్చే మనిషి దాన్ని ఎక్కలేక మళ్ళీ రోడ్డు మీదే నడుస్తుంది. 15 సెంటీమీటర్లే ఉంచాం. ర్యాంపుల దగ్గర ఇనుప స్తంభాలు దగ్గరదగ్గరగా పెట్టమని కూడా అడిగారు. బైకు దూరని సందులో వీల్‌చైరూ దూరదు. బైకులకు విడిగా గళ్ళు ఇచ్చాం కదా, వాటి బయట పెట్టినవాళ్ళకు జరిమానా వేయడమే దారి. ట్రాఫిక్ ఎస్సై గారు సాయంత్రం వేళ ఒక కానిస్టేబుల్‌ను ఇచ్చారు.

2025 మే

మే 14న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. అడ్డంకులు లేని, దివ్యాంగులు కూడా నడవగలిగే ఫుట్‌పాత్ పొందడం రాజ్యాంగం 21వ అధికరణ కింద పౌరుల హక్కని చెప్పి, దానికి మార్గదర్శకాలు తేవాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఎంపీ నిధుల ఫైలుకు ఆ ఉత్తర్వు ప్రతి జతచేశాను. అప్పటిదాకా ఫుట్‌పాత్ అనగానే అందం కోసం చేసే పనిగా చూసేవాళ్ళు. హక్కు అనే మాట ఫైల్లోకి వచ్చాక వరసలో దాని స్థానం మారింది.

2025 ఆగస్టు

ఎంపీ నిధులు 20 లక్షలు మంజూరయ్యాయి. 520 నుంచి 950 దాకా, అంటే స్కూలు, రైతు బజారు ముందు భాగం. రెండు కొసలూ పూర్తయి మధ్య ముక్క ఖాళీగా ఉండడం వల్ల ఇన్నాళ్ళూ మనుషులు స్కూలు దగ్గర దిగి, మళ్ళీ ఎక్కకుండా రోడ్డు మీదే నడుస్తున్నారు. కౌన్సిల్‌లో చెప్పిన మాటకు ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కొత్త కాంట్రాక్టరు పాత లెవెల్ డ్రాయింగుతోనే పని పట్టాడు. 520 దగ్గర పాత పలకకూ కొత్త పలకకూ ఎత్తు కలిసిందా అని చూసుకున్నాం. తేడా 4 మిల్లీమీటర్లు. నూరి సరిచేశారు.

2025 నవంబరు

మధ్య ముక్కలో 430 మీటర్లకు గాను 390 అయ్యాయి. మిగిలిన 40 స్కూలు గేటు ముందే. అక్కడ పిల్లలు రోడ్డు దాటే చోట రోడ్డునే ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి దాటే దారి వేయాలని అడిగాం, ఆర్ అండ్ బీ అనుమతి రావాలి. వచ్చేదాకా ఆ 40 మీటర్లు తాత్కాలికంగా గ్రావెల్‌తో సమం చేసి, తాడు కట్టించి, నడవడానికి వదిలాం.

నిర్వహణకు ఈసారి బడ్జెట్‌లో విడిగా ఒక పద్దు పెట్టమని నోట్ పెట్టాను. ఏడాదికి రెండుసార్లు పూడిక తీయాలి, విరిగిన పలకలు మార్చాలి. అందుకని 20 పలకలు, 30 చదరపు మీటర్ల పేవర్లు స్టోర్‌లో ఉంచమని అడిగాను. పైపులైను కోసం ఎవరైనా తవ్వితే తిరిగి వేయడానికి డిపాజిట్ కట్టించుకున్నాకే అనుమతి ఇవ్వాలని కూడా రాశాను. పద్దు ఒప్పుకున్నారు, మొత్తం ఇంకా తేలలేదు.

15వ ఆర్థిక సంఘం గడువు వచ్చే మార్చితో అయిపోతుంది, ఏప్రిల్ నుంచి 16వది. మా కౌన్సిల్ పదవీకాలం కూడా అప్పుడే ముగుస్తుంది. కుడి పక్క ఎస్టిమేట్‌కు ఈలోగానే తీర్మానం చేయించాలి. కుడి పక్క కాలువ ఇంకా ఇరుకు, లోపలి వెడల్పు 45 సెంటీమీటర్లే ఉంది. గోడలు కొత్తగా కట్టాలి కాబట్టి మీటరు ఖర్చు బాగా పెరుగుతుంది. లెవెల్స్ తీయడం వచ్చే సోమవారం మొదలుపెడుతున్నాం. పూడిక మేస్త్రిని కూడా రమ్మన్నాను.